పెరట్లో ఆకుకూర, ఒంట్లో రక్తం

గర్భిణులకు పరీక్షలు జరిగే రోజున మా ఓ.పి. ముందు బెంచీలన్నీ నిండిపోతాయి. రక్త పరీక్ష చీటీ చూసి మేము ఎక్కువసార్లు చెప్పే మాట ఒకటే. "అమ్మా, నీకు రక్తం తక్కువగా ఉంది."

ఆ వెంటనే ఇంకో ప్రశ్న అడుగుతాం. "నిన్న ఏం తిన్నావమ్మా?"

"పొద్దున్న టీ, బిస్కట్లండి. మధ్యాహ్నం అన్నం, చారు, బంగాళాదుంప వేపుడు. రాత్రికీ అదేనండి."

"ఆకుకూర తినవా?"

"ఎప్పుడైనా కొంటేనండి."

"మీ దొడ్లో చెట్లేమైనా ఉన్నాయా?"

"ములగ చెట్టుందండి. కాయలు కోసి అమ్ముతాం. ఆకు మేకలకి వేస్తాం."

ఇలాంటి జవాబు మేము చాలాసార్లు విన్నాం. మన పక్క మండలం మునగపాక పేరులోనే మునగ ఉంది. ఆషాఢ మాసం వస్తే ములగాకు తినాలని పెద్దలు చెబుతూనే ఉన్నారు. అయినా సంవత్సరంలో మిగిలిన పదకొండు నెలలూ ఆ ఆకు మేకలకే పోతోంది. అందుకే ఈ సంచికలో పెరటి తోట గురించి రాస్తున్నాం. కూరల ఖర్చు తగ్గించుకోవడానికి మాత్రమే కాదు. పెరట్లో పెరిగిన ఆకు ఇంటి ఆడవారి కంచంలోకి, పిల్లల గిన్నెలోకి చేరాలన్నది మా ఆశ.

రక్తహీనత ఎంతమందిలో ఉంది?

2019–21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 6 నెలలు నిండిన బిడ్డల నుండి 5 ఏళ్ల లోపు పిల్లల వరకు చూస్తే 63.2 శాతం మందిలో ఉంది. అంటే పదిమంది ఆడవారు ఒకచోట కూర్చుంటే వారిలో సుమారు ఆరుగురికి రక్తం తక్కువ.

రక్తహీనత అంటే ఒంట్లో రక్తం కారిపోవడమే కాదు. రక్తంలో ప్రాణవాయువును మోసుకెళ్ళే హిమోగ్లోబిన్ తగ్గిపోవడం. దాని తయారీకి ఇనుము కావాలి. ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కూడా కావాలి. అవి చాలకపోతే మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, గుండె దడ, పనిమీద మనసు నిలవకపోవడం వంటి బాధలు వస్తాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తాం. 7 కంటే తగ్గితే అది ప్రమాదకరమైన స్థితి. అటువంటి తల్లికి కాన్పు సమయంలో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదకు తెస్తుంది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు, బరువు తక్కువగా పుట్టవచ్చు.

ఆకులో ఏముంది, ఏమి లేదు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ములగాకులో సుమారు నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి. తోటకూరలోనూ దాదాపు అంతే. ఫోలిక్ యాసిడ్, విటమిన్ ఎ గా మారే కెరోటిన్ కూడా ఈ ఆకుకూరల్లో బాగా ఉంటాయి.

మరి మనకు రోజుకు ఎంత ఇనుము కావాలి? భారత వైద్య పరిశోధనా మండలి 2020 లెక్క ప్రకారం స్త్రీకి 29 మిల్లీగ్రాములు, గర్భిణికి 27, పురుషునికి 19. కాబట్టి ఒక గుప్పెడు ఆకుతో ఆ రోజు అవసరమంతా తీరిపోదు. పైగా ఆకుల్లో ఉన్న ఇనుములో మన పేగులు తీసుకోగలిగేది కొద్ది భాగమే. ములగాకులో ఇనుము ఎన్నో రెట్లు ఎక్కువని కొందరు చెప్పే లెక్కలు సాధారణంగా ఎండబెట్టిన పొడికి సంబంధించినవి. పచ్చి ఆకుకు అవి వర్తించవు.

అయితే ఆకుకూర ఎందుకు తినాలి? ఎందుకంటే ఇనుము రోజూ కొంచెం కొంచెంగా చేరవలసిన పదార్థం. అన్నం, పప్పు, రాగి, గుడ్డు, చేప, ఆకుకూర ఇవన్నీ కలిసి ఆ లెక్కను నింపుతాయి. ఇప్పుడు చాలా కంచాల్లో ఖాళీగా ఉన్నది ఆకుకూర చోటే. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఈ నాలుగు పద్ధతులు పాటించండి.

1. కూర పొయ్యి మీద నుండి దించిన తరువాత నిమ్మకాయ పిండండి. విటమిన్ సి ఇనుమును పేగులు పీల్చుకునేలా చేస్తుంది. వేడికి విటమిన్ సి పోతుంది కాబట్టి ఉడుకుతున్నప్పుడు పిండవద్దు. భోజనం తరువాత ఒక జామపండు తిన్నా చాలు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంది.

2. భోజనంతో పాటు, భోజనం కాగానే టీ, కాఫీ తాగవద్దు. కనీసం గంట ఆగండి. టీలోని వగరు పదార్థం ఇనుమును పట్టి ఉంచుతుంది.

3. చేప తినేవారు ఆకుకూరతో పాటు ఒక చేప ముక్క వేసుకోండి. చేప, మాంసం పక్కన ఉంటే ఆకులోని ఇనుము కూడా బాగా పడుతుంది. పూడిమడక చేపలు మన వాకిట్లోకే వస్తున్నాయి కదా!

4. ఆకును కోసిన తరువాత కడగవద్దు, ముందే కడగండి. ఉడికించిన నీళ్ళు పారబోయవద్దు, పప్పులో పోయండి. కొంచెం నూనె వేసి వండితే కెరోటిన్ బాగా పడుతుంది.

ఒక్కమాట స్పష్టంగా చెబుతున్నాం. పెరటి తోట ఐరన్ మాత్రలకు బదులు కాదు. గర్భిణికి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు. కడుపులో తిప్పినట్లుంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. మానేయవద్దు. మాత్రలు కరువును తీరుస్తాయి. కోర్సు అయిపోయాక ఆ కరువు మళ్ళీ రాకుండా కాపాడవలసింది రోజూ తినే తిండి.

పసుపుపచ్చని కూరలు, పండ్లు

ఒక తరం క్రితం విటమిన్ ఎ లోపంతో రేచీకటి వచ్చి, చివరకు చూపు పోయిన పిల్లలు మన ఊళ్ళలో చాలామంది ఉండేవారు. ఈ సమస్య మీద పనిచేసినవారిలో 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ముఖ్యులు. వారి పరిశోధనల ఆధారంగానే 1970లో పిల్లలకు విటమిన్ ఎ ద్రవం నోట్లో వేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ చుక్కలు ఇప్పటికీ వేయించాలి. దానితో పాటు ములగాకు, తోటకూర, పండిన బొప్పాయి, మంచి గుమ్మడి, లోపల నారింజరంగు ఉండే చిలగడదుంప పిల్లలకు పెట్టాలి. బిడ్డకు 6 నెలలు నిండగానే ఆకుకూర పప్పును మెత్తగా మెదిపి, చుక్క నూనెతో అన్నంలో కలిపి పెట్టవచ్చు.

2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని ఉంది. నలుగురున్న ఇంటికి రోజూ అంత కొనాలంటే భారమే. కాబట్టి కొంత కొనండి, కొంత పండించండి.

మన నేల, మన నీరు

అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో సముద్రం వైపు ఊళ్ళలో ఇసుక నేలలు ఎక్కువ. పోసిన నీరు, వేసిన ఎరువు నిలవకుండా దిగిపోతాయి. సెజ్ కోసం భూములిచ్చి కాలనీలకు మారిన కుటుంబాలకు ఇంటి చుట్టూ ఉన్న కొద్ది స్థలం మెరక మట్టి, కంకర. "ఇందులో ఏం మొలుస్తుందండీ?" అని అడుగుతారు.

మనకు దగ్గరలోనే దీనికి ఒక జవాబు ఉంది. రాంబిల్లి మండలం దిమిలికి చెందిన బి.వి. పరమేశ్వరరావు గారు అమెరికాలో డాక్టరేట్ చేసి స్వగ్రామానికి తిరిగి వచ్చారు. 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టు స్థాపించి, పంచదార్ల దగ్గర బోడి కొండ నేలల్లో ఊరివారితో కలిసి చెట్లు పెంచారు. కొండరాళ్ళ నేలలో చెట్లు నిలిచినప్పుడు మన దొడ్డి నేల ఎందుకు పనికిరాదు? ఆ ట్రస్టు ఆధ్వర్యంలో హరిపురంలో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రం రైతులకు సలహాలిస్తుంది. నేల గురించి సందేహాలుంటే అక్కడ అడగవచ్చు.

ఇసుక నేలకు మందు పెంట. అడుగు లోతు తవ్వి, సగం మట్టి, సగం బాగా చివికిన పశువుల ఎరువు లేదా ఆకుల ఎరువు కలిపి మళ్ళీ నింపండి. పైన ఎండు గడ్డి, చెరకు ఆకు, కొబ్బరి పీచు పరిస్తే తేమ నిలుస్తుంది. కంకర నేల అయితే తవ్వే శ్రమ వద్దు. పాత సిమెంటు సంచుల్లో, గోలేల్లో పెంచండి. అడుగున నాలుగు చిల్లులు పెట్టడం మరచిపోవద్దు.

*ఉప్పు నీరు:* బోరు నీరు ఉప్పగా ఉంటే మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. అటువంటి చోట చిక్కుడు జాతి బాగా రాదు. పాలకూర, కొబ్బరి, సపోటా కొంత ఓర్చుకుంటాయి. వానాకాలంలో కప్పు మీద నీటిని తొట్టెలో పట్టి, నారు మొక్కలకు ఆ నీరే పోయండి.

*వాడిన నీరు:* బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరు తోటకు చాలా మంచిది. స్నానాల నీటిని అరటి, బొప్పాయి, కొబ్బరి పాదులకు మళ్ళించండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద ఆ నీరు పోయకండి. బ్లీచింగ్ కలిసిన నీరు, మరుగుదొడ్డి నీరు ఏ మొక్కకూ వద్దు.

*పాత డ్రమ్ములు:* ఇది ముఖ్యమైన హెచ్చరిక. కంపెనీల్లో రసాయనాలు నింపిన పాత ప్లాస్టిక్ డ్రమ్ములు, డబ్బాలు మన సంతల్లో చవకగా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా వాటి గోడల్లో ఇంకిన మందు పూర్తిగా పోదు. వాటిలో తాగే నీరు నింపవద్దు, కూరగాయలు పెంచవద్దు. రంగు మారిన, వాసన వచ్చే కాలువ నీటిని కూడా తోటకు పెట్టవద్దు.

ఏమి వేయాలి?

స్థలం ఎంత చిన్నదైనా ముందుగా నాలుగు చెట్లకు చోటు చూడండి: ఒక ములగ, ఒక నిమ్మ, ఒక కరివేపాకు, ఒక జామ లేదా బొప్పాయి.

*ములగ:* అడుగున్నర గుంట తీసి ఎరువు కలిపి, అంగుళం లోతున గింజ పెట్టండి. తమిళనాడులోని పెరియకులంలో తయారైన పి.కె.ఎం.–1 రకం ఆరు నెలలకే కాపుకు వస్తుంది. మొక్క మూడు అడుగులు ఎదగగానే చివర తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆకు కోసమే అయితే నడుము ఎత్తున కత్తిరిస్తూ ఉండండి. అప్పుడు చేతికందే ఎత్తులో లేత ఆకు ఎప్పుడూ ఉంటుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు విశాఖ చుట్టుపక్కల ఎన్ని చెట్లు పడిపోయాయో మనకు తెలుసు. ములగ కొమ్మ పెళుసు. పొట్టిగా ఉంచిన చెట్టు గాలికి నిలుస్తుంది, ఇంటి కప్పు మీద పడదు. ఇంటి గుమ్మం ముందు ములగ వద్దని పెద్దలనడానికి వానాకాలంలో వచ్చే గొంగళి పురుగులు కూడా ఒక కారణం. కాబట్టి దొడ్లో, మనుషులు తిరిగే దారికి దూరంగా వేయండి.

*నాలుగు మళ్ళు, నాలుగు వారాలు:* తోటకూర 25 నుండి 30 రోజుల్లో కోతకు వస్తుంది. అంతా ఒకేసారి చల్లితే ఒక వారం తిన్నంత తిని, మిగిలింది ముదిరిపోతుంది. అందుకే మంచం అంత మడులు నాలుగు చేయండి. వారానికి ఒక మడిలో గింజ చల్లండి. నాలుగో మడి చల్లే నాటికి మొదటిది కోతకు సిద్ధమవుతూ ఉంటుంది. కోసిన మడిలో కొంచెం ఎరువు వేసి మళ్ళీ చల్లండి. గింజ చాలా సన్నం కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకచోట గుంపుగా పడదు. మెంతికూర ఇంకా త్వరగా వస్తుంది. బచ్చలి తీగ ఒక్కసారి పాకితే నెలల తరబడి కోసుకోవచ్చు. పొన్నగంటి తడి ఉన్న మూలలో తనంత తానే పెరుగుతుంది.

*కాలాన్ని బట్టి:* జూన్‌లో మృగశిర కార్తె వానలు పడగానే బీర, కాకర, ఆనప, గుమ్మడి పాదులు పెట్టండి. పందిరి లేకపోతే గోడ మీదికి, కంచె మీదికి పాకించండి. బెండ, గోంగూర కూడా అప్పుడే వేయవచ్చు. వంగ, టమాటా, మిరప నారు వానాకాలం మధ్యలో నాటుకోవచ్చు. శ్రావణంలో చిక్కుడు గింజ పెడితే సంక్రాంతికి కాయలు బాగా దొరుకుతాయి. నవంబరు నుండి చలిలో పాలకూర, కొత్తిమీర, ముల్లంగి బాగా వస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో మడుల మీద కొబ్బరి మట్టలు లేదా పాత చీర నీడగా కట్టి, సాయంత్రం నీరు పోయండి.

బ్రాండిక్స్ వంటి పరిశ్రమల్లో షిఫ్టులకు వెళ్ళే అక్కచెల్లెళ్ళు "మాకు సమయం ఎక్కడిదండీ?" అంటారు. వారికి మా సలహా ములగాకు పొడి. ఆకును కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే కెరోటిన్ పోతుంది. గలగలలాడేలా ఆరాక వేయించిన పప్పు, మిరప, వెల్లుల్లి, ఉప్పుతో కలిపి పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. క్యారేజీ అన్నంలో రెండు చెంచాల పొడి, ఒక నిమ్మచెక్క వేసుకోవడానికి అర నిమిషం చాలు.

ఎరువు, పురుగు

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రకృతి వ్యవసాయం ప్రచారంలోకి వచ్చాక జీవామృతం మాట అందరికీ తెలిసింది. పెరటికి సరిపడా చేసుకునే కొలత ఇది: 20 లీటర్ల నీటిలో ఒక కిలో ఆవు పేడ, ఒక లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, ఒక గుప్పెడు మంచి మట్టి. నీడలో రెండు మూడు రోజులు ఉంచి రోజూ కర్రతో కలిపి, మొక్క మొదట్లో పోయాలి. అనకాపల్లి బెల్లం మనకు దగ్గరే, నల్లబెల్లమైనా సరిపోతుంది. ఆకుల మీద, ముఖ్యంగా పచ్చిగా తినే ఆకుల మీద పోయకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

పురుగుకు ముందు చేతితో ఏరివేయడం, తరువాత పొయ్యి బూడిద, ఆ తరువాత వేప. అర కిలో వేప పప్పు దంచి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీటిలో నానబెట్టి పిండి, 10 లీటర్ల నీరు చేసి కొంచెం సబ్బు కలిపి చల్లండి. ఇంటి పెరటికి బజారు పురుగుమందు అవసరం లేదు. పొలం కోసం తెచ్చిన మందు ఇంట్లో ఉంటే తాళం వేసిన పెట్టెలో పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయకండి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించవద్దు. తడిసిన బట్టలు తీసి ఒళ్ళు కడిగి, 108కి ఫోన్ చేసి, ఆ మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. డబ్బా చూస్తే ఏ వైద్యం చేయాలో మాకు వెంటనే తెలుస్తుంది.

తోటలో మీ జాగ్రత్త

*చెప్పులు వేసుకోండి.* రక్తం కోసం తోట వేసి, ఆ తోటలోనే రక్తం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. బహిరంగ మలవిసర్జన జరిగే నేలలో కొంకి పురుగు పిల్లలు ఉంటాయి. అవి ఒట్టి కాళ్ళ చర్మంలోంచి లోపలికి వెళ్ళి, పేగుకు పట్టుకుని రక్తం పీలుస్తాయి. కాళ్ళకు చెప్పులు, ఇంటికి మరుగుదొడ్డి ఉండాలి. పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించాలి. గర్భిణులు ఆ మాత్ర మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. తరువాత కూడా డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

*నీరు నిలవనీయవద్దు.* కుండీ కింది పళ్ళెం, కొబ్బరి చిప్ప, పాత టైరు డెంగ్యూ దోమకు పుట్టిల్లు. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం అన్నీ వంచి ఆరబెట్టండి.

*పాము:* చెత్త కుప్పలు, ఇటుకల గుట్టలు ఇంటి గోడకు ఆనించి ఉంచవద్దు. చీకట్లో టార్చి లేకుండా దొడ్లోకి వెళ్ళవద్దు. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలు కదల్చకుండా 108లో వెంటనే తీసుకురండి.

*విషపు మొక్కలు:* పచ్చగన్నేరు గింజ గుండెను ఆపగలదు. ఉమ్మెత్త కాయ తింటే పిచ్చి చూపులు, జ్వరం, మూర్ఛ వస్తాయి. పిల్లలు ఆడే పెరట్లో ఇవి రెండూ ఉంచవద్దు.

*గాయం:* మేకు, ముల్లు, పలుగు దెబ్బ తగిలితే కడిగి, ధనుర్వాతం టీకా గురించి అదే రోజు వచ్చి అడగండి.

మీరు అడిగే ప్రశ్నలు

*బాలింతకు ఆకుకూర పెడితే బిడ్డకు విరేచనాలవుతాయంటారు. నిజమేనా?*
కాదు. కాన్పులో రక్తం పోయిన తల్లికి అందరికంటే ముందు కావలసింది ఇదే. వట్టి వెల్లుల్లి కారం, అన్నంతో పథ్యం పెట్టి ఆమెను ఇంకా నీరసపరచవద్దు. శుభ్రంగా కడిగి ఉడికించిన ఆకుకూర మొదటి వారం నుండే పెట్టండి.

*గర్భిణి బొప్పాయి తినవచ్చా?*
పచ్చి కాయ, దోరకాయ వద్దు. వాటి పాలు మంచివి కావు. బాగా పండిన పండు కొద్దిగా తింటే హాని లేదు.

*కాకర రసం తాగుతున్నాను. షుగరు మాత్రలు మానవచ్చా?*
మానవద్దు. కాకరకాయ కూరగా మంచిదే. మాత్రలు మాని కాలి పుండుతో వచ్చినవారికి వైద్యం చేయడం చాలా కష్టం. పెరట్లో తులసి, వాము ఆకు, అల్లం, పుదీనా ఉంచుకోండి. చిన్న దగ్గుకు, అజీర్తికి అవి ఉపశమనమిస్తాయి. కానీ రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, కామెర్లకు రక్త పరీక్ష చేయించాలి. పసరు వైద్యంతో కాలం గడపవద్దు.

*ఆకుకూరలు అందరూ తినవచ్చా?*
కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి. ఆకుకూరలు, అరటిపండు, కొబ్బరినీళ్ళలోని పొటాషియం వారికి ప్రమాదం కావచ్చు. గుండె కవాటం ఆపరేషను అయి వార్ఫరిన్, అసినోకూమరాల్ వంటి రక్తం పలుచన చేసే మందులు వాడేవారు ఆకుకూరను ఒకరోజు ఎక్కువ, ఒకరోజు మానడం చేయకూడదు. రోజూ ఒకే కొలతలో తినాలి.

చివరగా వడ్డన గురించి

తోట బాగా వచ్చి, కూర బాగా కుదిరిన ఇంట్లో కూడా రక్తహీనత ఉన్న తల్లులను మేము చూస్తాం. కారణం అడిగితే తెలుస్తుంది. ముందు మగవారు, తరువాత పిల్లలు, తరువాత అత్తగారు. చివరకు వండిన ఆమె కూర్చునేసరికి గిన్నెలో మిగిలేది చారే. ఎవరూ కావాలని చేసింది కాదు, ఇంటి అలవాటు అలా వచ్చింది. కానీ ఆ ఇంట్లో ఆకుకూర అందరికంటే ఎక్కువ కావలసింది ఆమెకే.

కాబట్టి ఇంటి పెద్దలకు ఒక మనవి. గింజ చల్లడం, నీరు పోయడం మీరూ పంచుకోండి. కూర దించగానే ఆమె వాటా ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినండి. ఎదిగే ఆడపిల్లకు కూడా మగపిల్లవాడితో సమానంగా వడ్డించండి.

ఈ వారం చేయవలసినది చిన్న పని. ములగ చెట్టు ఉన్నవారు ఒక గుప్పెడు లేత ఆకు కోసి పప్పులో వేయండి. లేనివారు పొరుగింటి వారిని ఒక కొమ్మ అడగండి, నాటితే చిగురిస్తుంది. తోటకూర గింజలు ఒక మడిలో చల్లండి. మూడు నెలల తరువాత పరీక్షకు వచ్చినప్పుడు మేము మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాం, "నిన్న ఏం తిన్నావమ్మా?" అని. అప్పుడు మా దొడ్లో ఆకేనండీ అన్న జవాబు వినాలని మేము ఎదురుచూస్తున్నాం. మేకలకు ముదురాకు వేయండి. లేతాకు మాత్రం ఇంట్లోకి తీసుకురండి.